ట్యాంకు నీళ్ళతో గ్లాస్ రిన్సర్: తిరుపతిలో ఒక ఇంటి కేసు

గ్లాసు లోపల కడిగే రిన్సర్ మీద గ్లాసు బోర్లించి నొక్కితే నీళ్ళు దాని అడుగుదాకా ఎగజిమ్మాలి. నేను బిగించిన మొదటి రోజు అవి బొటనవేలంత ఎత్తు లేచి, సిగ్గుపడినట్టు మళ్ళీ పళ్ళెంలోకి జారిపోయాయి. ఇంటాయన ఏమీ అనలేదు. గ్లాసు తీసి, లోపల చెయ్యి పెట్టి చూసి, "తడి కూడా కాలేదప్పా" అన్నాడు. అంతే.

పద్ధెనిమిదేళ్ళుగా తిరుపతిలో ఆర్‌వో మెషీన్లు, వంటింటి పైపులు చూసుకునే పని నాది. గ్లాస్ రిన్సర్ బిగించడం మాత్రం ఇదే మొదలు. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను. రేపు ఇంకో ప్లంబరు చేతికి ఇలాంటి పని వస్తే మొదటి రెండుసార్లు తప్పించుకోవచ్చు కదా అని ఇదంతా రాస్తున్నాను.

ఇల్లు ఎం.ఆర్.పల్లిలో. కింద వంటిల్లు, హాలు. పైన రెండు గదులు, ఒక పెద్ద వరండా. ఇంటాయన చాలా ఏళ్ళు మ్యూనిక్‌లో ఉద్యోగం చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు సామాన్లతో పాటు తన బీరు డిస్పెన్సర్ కూడా తెచ్చుకున్నాడు. నడుమెత్తు ఫ్రిజ్, అందులో 19 లీటర్ల స్టీలు కెగ్గులు (పీపాలు) రెండు, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, పైన రెండు కుళాయిలున్న స్టీలు స్తంభం. అక్కడ బీరు తనే కాచుకునేవాడట. ఇక్కడ ఆ మాటే లేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే 1968 నాటి రాష్ట్ర ఎక్సైజ్ చట్టం కింద కేసే. అందుకని ఒక కెగ్గులో నన్నారి సోడా, రెండో దాంట్లో అల్లం సోడా నింపుతున్నాడు. మెషీన్‌కు తేడా తెలియదు. దానికి కావలసింది గ్యాసు కలిసిన చల్లటి ద్రవం, అంతే.

నేను టూల్‌బాక్సు దించుతుంటే వాళ్ళమ్మగారు మెట్లెక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "నాయనా, నిజం చెప్పు. ఇది సారాయి మిషనా?"

"కాదమ్మా, సోడా మిషను."

"మరి రెండు తలకాయలు ఎందుకుండాయి దానికి?"

ఒకటి నన్నారికి, ఒకటి అల్లానికి అని చెబితే కాస్త నెమ్మదించింది. పూర్తిగా నమ్మిందని మాత్రం చెప్పలేను.

ఇంతకీ రిన్సర్ ఎందుకు? నాకూ మొదట ఇది షోకు సామాననే అనిపించింది. ఇంటాయన వాదించలేదు, చేసి చూపించాడు. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. వరండా అలమరలో ఉన్న గ్లాసు పట్టుకుంటేనే వెచ్చగా ఉంది. అందులో నన్నారి పడితే సగం నురగ. పొంగి, కిందికి కారి, నురగ దిగేసరికి మిగిలింది చప్పటి షర్బత్తు. అలాంటిదే ఇంకో గ్లాసును చన్నీళ్ళలో ముంచి తీసి పడితే పైన వేలెడు నురగ, కింద నిండా గ్యాసు. సోడాలో కరిగి ఉన్న గ్యాసుకు వేడి గిట్టదు, తగలగానే బయటికి వచ్చేస్తుంది. పొడి గ్లాసు లోపల కంటికి కనబడని దుమ్ము, తుడిచిన గుడ్డ నూలుపోగులు అంటుకుని ఉంటాయి. బుడగలు పుట్టేది వాటి మీదే. తడిపితే గ్లాసు చల్లబడుతుంది, దుమ్ము కొట్టుకుపోతుంది, పలచటి నీటిపొర మీద సోడా జారుతూ దిగుతుంది. బీరుకు ఇంకో కారణం కూడా ఉందని చెప్పాడు. బీరులో నురగ నిలబడాలి. సబ్బు జిడ్డో, నూనె జిడ్డో అంటుకున్న గ్లాసులో ఆ నురగ నిలవదు.

గ్లాసు నిజంగా శుభ్రంగా ఉందో లేదో చూసే పద్ధతి ఒకటి ఆయన దగ్గర నేర్చుకున్నాను. గ్లాసును నీళ్ళతో తడిపి, లోపల సన్న ఉప్పు చల్లాలి. ఉప్పు అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం. అక్కడక్కడా బోడిగా మిగిలితే అక్కడ జిడ్డుందని లెక్క. మా ఇంట్లో చేసి చూస్తే, మా ఆవిడ తోమిన గ్లాసులన్నీ గెలిచాయి. నేను తోమినవి గెలవలేదు.

రిన్సర్ ఎలా ఉంటుందో చెప్పాలి. ఒక స్టీలు పళ్ళెం, దాని నడుమ నక్షత్రం ఆకారంలో చేతులు, వాటి మీద సన్నటి రంధ్రాలు. గ్లాసు బోర్లించి నొక్కితే కింద స్ప్రింగు వాల్వు తెరుచుకుంటుంది, చెయ్యి తీస్తే మూసుకుంటుంది. నీళ్ళు వచ్చే గొట్టం ఒకటి, పళ్ళెంలో పడ్డ నీళ్ళు పోయే గొట్టం ఇంకొకటి. కరెంటు లేదు, మోటారు లేదు. ఇంత సులువైన సామాను నన్ను ఇన్నిసార్లు తిప్పుతుందని అనుకోలేదు.

దాంతో వచ్చిన కాగితంలో కనీసం 2 బార్ ఒత్తిడి కావాలని రాసి ఉంది. చదివాను. చదివి కూడా పట్టించుకోలేదు. పక్కనే చేతులు కడిగే సింకు కుళాయి తిప్పితే నీళ్ళు ధారాళంగా వస్తున్నాయి. అది చూసి సరిపోతుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళ అనుభవమున్నవాడు చేయాల్సిన తప్పు కాదిది.

ధార వేరు, ఒత్తిడి వేరు. అరంగుళం పైపు, వెడల్పు నోరున్న కుళాయి ఉంటే తక్కువ ఒత్తిడికైనా బిందె నిండుతుంది. రిన్సర్ అలా కాదు. వాల్వు ఇరుకు, రంధ్రాలు సన్నం, దానికి తోడు నేను వాడింది ఆర్‌వోకు వాడే పావు అంగుళం ట్యూబు, అదీ గోడ చుట్టూ తిప్పి ఆరు మీటర్లు. ఇంటి మీద ట్యాంకు అడుగు నుంచి వరండా బల్లదాకా ఎత్తు కొలిస్తే మూడున్నర మీటర్లు. పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు ఒక బార్ వస్తుంది, మూడున్నరకు 0.35. మనం గేజీలో చూసే లెక్కలో 5 పీఎస్ఐ. కాగితం అడిగినది 29.

నీళ్ళు పైకి ఎగరని ఆ రోజు ట్యూబు చివర గేజీ కట్టి చూశాను. రిన్సర్ మూసి ఉన్నంతసేపూ ముల్లు 5 దగ్గర నిలబడింది. గ్లాసు నొక్కగానే సున్నాకు ఆనుకుంది. ఉన్న ఆ కాస్త బలం కూడా ట్యూబులోనే ఖర్చయిపోతోందన్నమాట. ట్యూబు పీకేసి అరంగుళం పైపు నేరుగా తగిలిస్తే నాలుగు అంగుళాల ఎత్తు లేచింది. పొట్టి గ్లాసుకు తడి అంటింది. ఆయన మ్యూనిక్ నుంచి తెచ్చిన పొడుగు గ్లాసులకు సగానికి కూడా పోలేదు. మూసినప్పటి ఒత్తిడి చూసి ఎవరూ మోసపోవద్దు. నీళ్ళు పారుతున్నప్పటి ఒత్తిడే లెక్క.

ఈ సామాను ఎక్కువగా వాడే పడమటి దేశాల్లో చాలాచోట్ల వీధి పైపు నుంచే మూడు, నాలుగు బార్ల ఒత్తిడితో నీళ్ళు ఇంట్లోకి వస్తాయి. మనకు కల్యాణి డ్యాం నీళ్ళైనా, తెలుగుగంగ నీళ్ళైనా, బోరు నీళ్ళైనా ముందు సంపులో పడాలి, మోటారుతో పైకెక్కాలి, అక్కడి నుంచి తన బరువు మీదే కిందికి దిగాలి. ఇంటి మీద ట్యాంకున్న ఎవరింట్లోనైనా ఇదే కథ. పై అంతస్తులో అయితే మరీ కష్టం.

రెండో ప్రయత్నం ఇంకా తొందరపాటు. నా దగ్గర ఆర్‌వో బూస్టర్ పంపులు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి, 24 వోల్టులవి. ఒకటి తెచ్చి మధ్యలో పెట్టి, ఒత్తిడి పెరిగితే ఆగిపోయేలా స్విచ్చి కట్టాను. గ్లాసు నొక్కితే పంపు గుర్రుమని మొదలై, నీళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. ఎత్తు మాత్రం పెద్దగా పెరగలేదు. ఈ పంపులు ఒత్తిడి గొప్పగా ఇస్తాయి, నీళ్ళు మాత్రం నిమిషానికి లీటరు అటూ ఇటూ. రిన్సర్‌కు ఆ మూడు సెకన్లలో నిమిషానికి మూడు లీటర్ల వేగం కావాలి. పైగా వాల్వు మూసుకోగానే స్విచ్చి టిక్ టిక్ టిక్ అని ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నీళ్ళు నొక్కితే నలగవు. పైపులో ఒక్క చుక్క ఎక్కువైనా ఒత్తిడి కొండెక్కుతుంది, చుక్క తగ్గినా పాతాళానికి పోతుంది. రాత్రి ఎనిమిదింటికి ఆయనే ఫోన్ చేశాడు. "అప్పా, మీ మిషన్ గడియారం మాదిరి కొట్టుకుంటా ఉండాది. మా అమ్మకు నిద్ర పట్టడంలే." స్విచ్చి ఆపేయమన్నాను.

మూడు వారాలు అలాగే వదిలేశాను. ఇంటాయన అవసరమైనప్పుడు పంపు వేసుకుని, ఎగిరెగిరి పడే నీళ్ళతోనే నెట్టుకొచ్చాడు. ఆ మూడు వారాలూ ఇంకో పాఠం నేర్పాయి. మళ్ళీ వెళ్ళి చూస్తే రిన్సర్ రంధ్రాల్లో మూడో వంతు మూసుకుపోయి ఉన్నాయి. నక్షత్రం చేతుల మీద తెల్లటి పొర. గ్లాసుల మీద ఆరిన చుక్కల మచ్చలు. బోరు నీళ్ళు కదా.

మా వృత్తిలో అందరం టీడీఎస్ మీటరు ముంచి, నంబరు చూపించి, కస్టమర్‌ను భయపెట్టేస్తాం. ఆ నంబరు నీళ్ళలో కరిగిన లవణాలన్నింటికీ గుర్తు. రంధ్రాలు మూసేది మాత్రం అందులోని కాల్షియం, మెగ్నీషియం. ఆ గట్టిదనాన్ని, అంటే కాఠిన్యాన్ని, చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే చిన్న కిట్టుతో చూడాలి. ఈ ఇంటి బోరులో టీడీఎస్ 820 ఉంది, కాఠిన్యం లీటరుకు 420 మిల్లీగ్రాములు. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం కాఠిన్యంలో 200 దాకా పర్వాలేదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. తాగడానికి కొంప మునగదు గానీ, మిల్లీమీటరు రంధ్రానికి మునుగుతుంది. రంధ్రాలున్న చేతులు విప్పి, గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెడితే పొర మొత్తం నురగలు కక్కుతూ ఊడిపోయింది. మూడు వారాలకోసారి ఇలా ఎవరు చేస్తారు?

అప్పుడు కూర్చుని ఆలోచించాను. ఒత్తిడి సమస్య ఒకటి, గట్టి నీళ్ళ సమస్య ఒకటి. రెండింటికీ మందు నా దుకాణంలోనే ఉంది. గట్టి నీళ్ళకు ఆర్‌వో, ఒత్తిడికి దాని ట్యాంకు. సింకు కింద పెట్టే ఆర్‌వోలకు రబ్బరు సంచి ఉన్న ప్రెషర్ ట్యాంకు ఉంటుంది. ఒక పక్క గాలి, ఒక పక్క నీళ్ళు, మధ్యలో రబ్బరు పొర. పంపు నిదానంగా నీళ్ళు తోస్తుంటే గాలి నొక్కుకుంటూ ఉంటుంది. రిన్సర్ తెరవగానే ఆ గాలి ఒక్క తోపు తోస్తుంది. పంపు నిమిషంపాటు చేసిన పనిని ట్యాంకు మూడు సెకన్లలో ఖర్చుపెడుతుంది. నీళ్ళు నలగకపోయినా గాలి నలుగుతుంది కాబట్టి ఆ టిక్ టిక్ కూడా పోతుంది.

12 లీటర్ల ట్యాంకు తెచ్చాను. ఇందులో ఒక కిటుకుంది, నేను చూసిన బిగింపుల్లో దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ట్యాంకులో ముందుగా 7 పీఎస్ఐ గాలి ఉంటుంది. తాగే నీళ్ళకు అది చాలు. ఆఖరి గ్లాసు సన్నగా వచ్చినా ఎవరికీ పట్టదు. రిన్సర్‌కు పడుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, బైకు టైరుకు కొట్టే పంపుతో గాలి 20కి పెంచాను. నీళ్ళుండగా గాలి కొలిస్తే తప్పు నంబరే వస్తుంది. స్విచ్చి 40 దగ్గర ఆగి 25 దగ్గర మొదలయ్యేది పెట్టాను. లెక్క కడితే 40 నుంచి 25కు దిగేలోపు ట్యాంకు నుంచి మూడు లీటర్ల దగ్గర వస్తుంది. మగ్గులో పట్టి కొలిస్తే గ్లాసుకు 150 మిల్లీలీటర్లు పోతున్నాయి. అంటే ఇరవై గ్లాసులు ఏకధాటిగా మంచి జోరుతో కడగొచ్చు. ఇరవై దాటితే ఏమవుతుందంటారా, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ట్యాంకు నుంచి రిన్సర్‌దాకా ఈసారి 3/8 అంగుళం ట్యూబు వేశాను, ఒకటిన్నర మీటరుకు మించకుండా. ట్యాంకును డిస్పెన్సర్ పక్కనే, బల్ల కింద పెట్టేశాను. ముందున్న ఆరు మీటర్ల తిప్పుడు ఎంత తెలివితక్కువో అప్పుడు అర్థమైంది. ట్యాంకుకు నీళ్ళిచ్చే ఆర్‌వో మాత్రం రోజంతా తీరిగ్గా నింపుకుంటుంది కాబట్టి దానికి పావు అంగుళం చాలు. పంపు అడాప్టరు నేలకు అడుగు ఎత్తున గోడకు కొట్టాను. తడి చేతులతో వాడే చోటు కదా, ఆ ప్లగ్గుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసిన తర్వాతే స్విచ్చి వేశాను.

ఆర్‌వో పెట్టడంలో నాకు నచ్చనిది ఒకటుంది. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వృథా పైపులో పోతాయి. గ్లాసు తడపడానికి ఇంత అవసరమా అని ఆయనతోనే అన్నాను. చిన్న సాఫ్ట్‌నర్ పెట్టినా పొర కట్టదు. కానీ గ్లాసులో మిగిలే చుక్కలు తాగే దాంట్లోనే కలుస్తాయి, మెత్తపరిచిన బోరు నీటి చప్పదనం నన్నారిలో తెలుస్తుందని ఆయన పట్టు. చివరికి వృథా నీళ్ళకు ఒక డ్రమ్ము పెట్టించాను. అవి వరండా తుడవడానికి పోతున్నాయి. మల్లెచెట్టుకు మాత్రం పోయొద్దని చెప్పి వచ్చాను. ఆ ఉప్పు మట్టిలో పేరుకుంటుంది.

రాయి కోసే పని గురించి రెండు ముక్కలు. బల్ల మీద కుప్పం వైపు నుంచి వచ్చిన నల్ల గ్రానైటు, 20 మిల్లీమీటర్లు. దాని కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. డైమండ్ బిట్టుతో నీళ్ళు పోస్తూ రంధ్రం చేశాం. అంతా అయ్యాక రిన్సర్ మెడ దించితే కింద నట్టు ఎక్కడానికి మర లేదు! రాయి మందమే చూశాను, చెక్క మందం కలపలేదు. మా కుర్రోడు బల్ల కిందికి దూరి గంటసేపు ఉలితో ప్లైవుడ్ చెక్కాడు. "అన్నా, ఇంకోసారి కింద ఏముండాదో చూసి కొలత చెప్పు" అన్నాడు బయటికొచ్చి. జుట్టంతా చెక్క పొట్టు.

డ్రెయిన్ విషయం మాత్రం నిదానంగా చెప్పాలి. ఒత్తిడి తర్వాత నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. వచ్చే నీళ్ళకు ఒత్తిడి ఉంటుంది, పోయే నీళ్ళకు ఉండదు. పళ్ళెం నుంచి దిగే గొట్టాన్ని మొదట ఫ్రిజ్ వెనక నుంచి తెచ్చి, కంప్రెసరు తగలకుండా కాస్త పైకి ఎత్తి, మళ్ళీ దించాను. ఆ ఎత్తు రెండంగుళాలే. అక్కడ గాలి నిలిచిపోయింది. మూడో గ్లాసుకు పళ్ళెం నిండి, బల్ల మీదికి పొర్లి, ఫ్రిజ్ తలుపు మీదుగా కారింది. గొట్టం విప్పి, మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుతో ఎక్కడా పైకి లేవకుండా సింకు వేస్టు పైపుదాకా తెచ్చాను. అక్కడ నేరుగా దూర్చేయలేదు. మురుగు పైపు ఎప్పుడైనా నిండితే ఆ నీళ్ళు గ్లాసు బోర్లించే పళ్ళెంలోకి ఎగదన్నుతాయి కదా. అందుకే గొట్టం చివర గాలిలో రెండంగుళాలు వదిలి, ఒక గరాటులోకి పడేలా చేసి, గరాటు కింద, మురుగు వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిపి ఉంచే బాటిల్ ట్రాప్ పెట్టాను. ఎండాకాలంలో వారం రోజులు వాడకపోతే ట్రాపులో నీళ్ళు ఆరిపోయి వాసన కొడుతుంది. ఊరెళ్ళే ముందు, వచ్చాక ఒక గ్లాసు నీళ్ళు గరాటులో పోయమని చెప్పాను.

నాలుగో వారం చివర నొక్కి చూశాం. నీళ్ళు పొడుగు గ్లాసు అడుగుకు కొట్టుకుని గోడల వెంబడి జారాయి. ఆయన గ్లాసు తీసి, కుళాయి కింద నలభై అయిదు డిగ్రీలు వంచి నన్నారి పట్టాడు. సగం నురగ! నాకు గుండె ఆగినంత పనైంది. రెండో గ్లాసు పట్టాడు, చక్కగా వచ్చింది. మూడోదీ అంతే. అప్పుడు అర్థమైంది, మొదటి గ్లాసు తప్పు రిన్సర్‌ది కాదు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలున్నా, బయట నిలబడ్డ స్టీలు స్తంభం మే ఎండకు కాలి ఉంది. దానిలో నిలిచిన సోడా వేడెక్కి, పట్టగానే పొంగింది. ఫ్రిజ్‌లోని చల్లగాలిని గొట్టంతో స్తంభంలోకి తోసేలా పాత కంప్యూటరు ఫ్యాను ఒకటి పెట్టాం. దానితో మొదటి గ్లాసు కూడా దారికొచ్చింది. సోడాకు బీరుకన్నా రెట్టింపుకు పైగా గ్యాసు ఒత్తిడి పెడతారు, 30 పీఎస్ఐ దగ్గర. అంత ఒత్తిడిని నెమ్మదింపజేయడానికి లోపలి ట్యూబును ఏడు మీటర్లు చుట్ట చుట్టి పెట్టుకున్నాడాయన. బీరుకు మూడు మీటర్లే సరిపోయేదట. అది ఆయన శాస్త్రం, నేను వేలు పెట్టలేదు.

ఇక ఇరవై గ్లాసుల సంగతి. మనవరాలి పుట్టినరోజుకు పిల్లలు నలభై మంది వచ్చారు. ఇరవై రెండో గ్లాసుకు జోరు తగ్గడం మొదలైందని ఆయన లెక్కపెట్టి మరీ చెప్పాడు. నా లెక్క తప్పలేదని లోపల సంతోషించాను. ఆర్‌వో గంటకు పది పన్నెండు లీటర్లే ఇస్తుంది కాబట్టి ఆ వేగంతో అందుకోలేదు. రెండో ట్యాంకు జోడించొచ్చు గానీ ఏడాదికి రెండు ఫంక్షన్ల కోసం అది దండగని ఆయనే అన్నాడు. ఆ రోజు మిగతా గ్లాసులు బకెట్లో ముంచి కానిచ్చారు.

స్టీలు లోటాలు పెట్టకూడదని ముందే చెప్పాల్సింది. అంచు బయటికి వంగి ఉంటుంది కదా, నక్షత్రం మీద సరిగ్గా కూర్చోదు. పక్కకు ఒరిగితే నీళ్ళు మొహానికి కొడతాయి. పుట్టినరోజు నాడు పిల్లలకు అది ఆటైపోయిందట.

నన్నారి చక్కెర పాకం కాబట్టి పళ్ళెంలో చుక్క మిగిలినా తెల్లారేసరికి చీమల బారు. అదొక్కటే నేను ఊహించని విషయం. రాత్రి ఆఖరి గ్లాసు అయ్యాక ఉత్తి గ్లాసు బోర్లించి నాలుగైదు సార్లు నొక్కి, పళ్ళెం తుడవాలి. వారానికోసారి నక్షత్రం తిప్పి విప్పి కింద కడగాలి. అక్కడ జిగురు చేరితే పండ్ల ఈగలు గుడ్లు పెడతాయి. ఆర్‌వో నీళ్ళు వచ్చాక నిమ్మ ఉప్పు అవసరం ఇంతవరకు రాలేదు. నాలుగు నెలలైంది, మొన్న వెళ్ళి గుండుసూదితో ప్రతి రంధ్రం చూశాను, అన్నీ తెరిచే ఉన్నాయి. ట్యాంకులో గాలి 20 నుంచి 18కి దిగింది, మళ్ళీ కొట్టాను.

నేనక్కడ ఉండగానే వాళ్ళమ్మగారు పైకొచ్చారు. చేతిలో మజ్జిగ తాగిన గ్లాసు. తిన్నగా రిన్సర్ మీద బోర్లించి, రెండు చేతులతో నొక్కి, ఎత్తి వెలుతురులో చూసుకున్నారు.

"అమ్మా, దాంట్లో వెన్న జిడ్డుంటుంది, సబ్బుతో తోమి పెట్టల్ల" అన్నాడు కొడుకు.

"నీ సారాయి మిషన్ నీళ్ళు బాగుండాయిలేరా" అంటూ ఆమె గ్లాసు తీసుకుని కిందికి దిగిపోయింది.